తువ్వాల కింద చెయ్యి

ఆ పొడుగాయన కోట గోడకు చెవి ఆనించి వేళ్ళతో తట్టి చూస్తున్నాడు, పుచ్చకాయను తట్టినట్టు. సలావుద్దీన్‌కు నవ్వు కూడా రాలేదు. రాయిని తడితే ఏం తెలుస్తుంది? పండిందని తెలుస్తుందా, ఇంకో నాలుగు రోజులు గడ్డిలో మాగేయాలని తెలుస్తుందా? పేరు దివాకర్ అట, రిటైరైన ఇంజనీరట, ఈ బోడి గోడ కోసం చీకటితోనే లేచి హైదరాబాదు నుంచి కారేసుకుని వచ్చాడట. అలాంటివాళ్ళు ఇక్కడొక గుంపు. నెత్తిన టోపీలు, చేతుల్లో నీళ్ళ సీసాలు, గోడలో పగులు కనిపించిన చోటల్లా పైకి లేచే ఫోన్లు. జగిత్యాలలో పుట్టి పెరిగిన సలావుద్దీన్‌కు కోటంటే తుమ్మముళ్ళు, మేకల పెంటికలు, నీడ దొరికితే పేకాట. ఆ పెంటికల మీదనే నిలబడి వీళ్ళు ఆహా అంటున్నారు. ఆహా అనడానికి డబ్బు కూడా కట్టారు. మామిడి సీజన్ నడుమ, మే నెల ఎండలో, మండిలో పని వదిలిపెట్టి వచ్చి డబ్బు కట్టిన మూర్ఖుల్లో తానూ ఒకడు. కట్టింది ఎవరికో కాదు, కన్నబిడ్డకు. "ఊరికే అచ్చినోడు ఊరికే చూస్తడబ్బా. పైసలిచ్చినోడు కండ్లు పెద్దగ చేసి చూస్తడు. నువ్వే అంటవ్ గద" అంది సిద్రా నిన్న, చెయ్యి చాపి. తన మాటను తనకే అమ్మింది.

ఆ సిద్రా ఇప్పుడు బురుజు మీద నిలబడి ఉంది, తలకు చుట్టిన ఓణీ గాలికి ఎగరకుండా ఒక చేత్తో పట్టుకుని. ప్రతి ఆదివారం ఇదే పని. కోట, చర్చి, బజారు, గుంపును వెంటేసుకుని తిప్పడం. వచ్చే నెల నుంచి సిరిసిల్లలో మగ్గాలు కూడా చూపిస్తుందట. మగ్గం చప్పుడుకు పక్కింటివాడు తిట్టుకుంటాడు గానీ వినడానికి డబ్బిచ్చేవాడెవడు? ఇస్తారు, ఇదిగో ఇలాంటివాళ్ళు ఇస్తారు. గోడకు చెవి పెట్టేవాడు మగ్గానికి పెట్టడా? అయినా వీళ్ళను చూడటానికి కాదు సలావుద్దీన్ వచ్చింది. నిజానికి దేన్నీ చూడటానికి రాలేదు, చూశాననిపించుకోవడానికి వచ్చాడు. "ఒక్కపారి నాతోని తిరుగబ్బా. నా పని చూడు. చూసినంక నువ్వేం చెప్తే గదే" అని మాటిచ్చింది పిల్ల. ఆ మాట కోసం వచ్చాడు. తోటకు బయానా ఇచ్చినవాడు పూత చూడటానికి పోడు, కాయ దించుకోవడానికి పోతాడు. ఏం చెప్పాలో ఇంట్లోనే నిశ్చయించుకుని వచ్చాడు. మధ్యాహ్నం జొహర్ నమాజు లోపల కోరుట్లకు జవాబు పోవాలి.

కోరుట్లలో ఉన్నది సాజిద్ అనే పిల్లవాడి ఇల్లు. సౌదీలో, దమ్మామ్‌లో ఉద్యోగం, సెలవు మీద వచ్చాడు, సెలవు అయ్యేలోపల నిఖా కావాలంటున్నారు. అడ్డం ఒకటే. ఈ తిరుగుడు ఇవాళ్టితో ఆగాలి, ముక్కూమొహం తెలియని మగవాళ్ళ ముందు నడుస్తూ చేతులూపుతూ మాట్లాడే పిల్ల తమకొద్దు. సిద్రా మూడేళ్ళు అడిగింది. మూడేళ్ళలో ఈ పనిని నిలబెట్టుకుంటాను, తర్వాత నువ్వు చూపినవాణ్ణి చేసుకుంటాను అంది. ఒక్క ఏడు కూడా లేదన్నాడు తాను. సలావుద్దీన్ బావమరిది నౌషాద్ పొద్దుటినుంచి ఆ కోరుట్ల వాళ్ళింట్లోనే కూర్చుని ఉన్నాడు. మధ్యవర్తి అంటే వాడే, కుదరకముందే వాళ్ళ బిర్యానీ తినేసి అరిగించుకుంటూ ఫోన్ మీద ఫోన్ కొడుతున్నాడు. జేబులో అది మళ్ళీ వణికింది. సలావుద్దీన్ తియ్యలేదు. వాళ్ళను తలుచుకుంటే ఆ బుట్ట గుర్తొస్తుంది. మొన్న వాళ్ళకు మంచి హిమాయత్ మామిడిపండ్లు బుట్టెడు పంపాడు, ఏరి ఏరి, తన చేత్తో గడ్డి పరిచి. పిల్లవాడి తండ్రి నౌషాద్ ముందే బుట్టను చాప మీద బోర్లించి అడుగు వరస చూశాడట. నౌషాద్ అదేదో ముచ్చటలా చెప్పి నవ్వాడు. అప్పుడు సలావుద్దీన్ కూడా నవ్వాడు. తానైనా అడుగు చూస్తాడు, చూడనివాడు బేరగాడే కాదు. కానీ కొనేటప్పుడు చూస్తాడు. ఒకరు ప్రేమగా పంపిన బుట్టను వాళ్ళ మనిషి ముందే బోర్లించేవాడు బేరగాడూ కాదు, పెద్దమనిషీ కాదు. ఆ సంగతి అప్పుడు తట్టలేదు, ఇప్పుడెందుకు తట్టిందో. ఎండ. ఎండలో పనికిమాలినవన్నీ తడతాయి.

"గీ బురుజు సగం కూలింది, చూస్తున్నరు గద" అంటోంది సిద్రా. "పోయిన వానకాలం గా మూల పోయింది. వచ్చే వానకు ఇంకింత పోతది. ఉన్నది ఉన్నట్టు చెప్తున్న, మీరు ఫోటోలల్ల చూసినంత అందంగ ఏం లేదు." సలావుద్దీన్ తల పైకెత్తాడు. గుంపు ఒక అడుగు దగ్గరికి జరిగింది. జరుగుతుంది మరి. మచ్చ ఉన్న కాయను మనమే ముందు తీసి చూపిస్తే ఎదుటివాడు మిగతా బుట్టను నమ్మేస్తాడు. ఆ ఎత్తు ఎవరిది? మండిలో పెట్టెల మీద కూర్చుని జామకాయ కొరుకుతూ ఈ పిల్ల చూసింది ఎవరిని? దొంగసరుకు, అంతా తన దుకాణంలోంచి ఎత్తుకుపోయిన సరుకే. దాన్ని తెచ్చి రాళ్ళకు అతికించి అమ్ముతోంది. మామిడికి చేస్తే వ్యాపారం, రాయికి చేస్తే ఏమనాలి? నక్షత్రం మాదిరి కోట, ఫ్రెంచివాళ్ళు గీసి ఇచ్చిన నమూనా అంటారు, ఏ మూల నిలబడినా ఇంకో మూల నుంచి ఫిరంగి కనిపెట్టి ఉంటుందట. అంత ఖర్చు పెట్టి కట్టినవాడు ఏం బావుకున్నాడు? ఫిరంగి నోట్లో పిచ్చుక గూడు. పిల్లలు దాని మీద గుర్రమెక్కినట్టు కూర్చుంటున్నారు. నవాబుకంటే మేకల నాగవ్వ తెలివైనది, ఖర్చు లేకుండా కోటంతా మేపుకుంటోంది.

చర్చికి నడుస్తుంటే చెప్పుల కింద తారు మెత్తగా ఉంది. ఆదివారం కదా, లోపల ప్రార్థన సాగుతోంది, అయ్యేదాకా ఆగాలంది సిద్రా. వేపచెట్టు నీడలో గుంపంతా నిలబడింది. డబ్బిచ్చి వచ్చి గుడి బయట నిలబడటం, ఇదొక చూడటం. ఈ చర్చిలో సలావుద్దీన్‌కు తెలిసింది ఇద్దరే, పాస్టరూ, టేకు బల్లలూ. పాస్టరు ఏటా మామిడికాయ పచ్చడికి వచ్చేటప్పుడు ముందు సలావుద్దీన్ ఆరోగ్యం అడుగుతాడు, తర్వాత ఇంటావిడ రషీదాబీ ఆరోగ్యం, తర్వాత మెల్లగా రేటు. దేవుడి మనిషి, గట్టి బేరగాడు. బల్లల కర్ర మాత్రం అబ్బ, ఇప్పుడు అంగట్లో దొరకదు. పాట పెరిగింది. లోపల ఆడగొంతులు ఒక్కటిగా లేచి పడుతున్నాయి. బాగానే ఉంది, బాగుంటే మాత్రం? ఈ దివాకర్ అనేవాడు మెడ చాపి పాటను కూడా తట్టి చూస్తాడేమో. చూడలేదు గానీ అంతకంటే తెలివితక్కువ పని చేశాడు.

"సిద్రా గారూ, ఏమీ అనుకోకండి. మీరు ముస్లిమ్స్ కదా, చర్చి గురించి కూడా మీరే చెప్తారా?"

సలావుద్దీన్ ఒక అడుగు ముందుకు వేసి ఆగాడు. తాను ఆమె తండ్రినని ఈ గుంపులో ఎవరికీ తెలియదు, తెలియనివ్వద్దన్నది తానే. తోట చూడటానికి పోయేవాడు ముందుగా కబురు పెట్టి పోడు. అందుకే గుంపు వెనకాల, సిరిసిల్ల తువ్వాల భుజాన వేసుకుని, ఎవరో ముసలి సేటులాగా నడుస్తున్నాడు. ఇప్పుడు నోరు తెరిస్తే అంతా తెలిసిపోతుంది. తెరవకపోతే ఈ గోడ తట్టేవాడు...

"మా అబ్బ పుట్టినకాంచి మామిడికాయలే అమ్ముతుండు సార్" అంది సిద్రా. "ఆయినకు చెట్టెక్కుడు రాదు."

గుంపు భళ్ళున నవ్వింది. దివాకర్ కూడా నవ్వి, చేతులు జోడించాడు. సలావుద్దీన్ ఒక్కడే నవ్వలేదు. నిజమే, రాదు. చిన్నప్పుడు ఒకసారి ఎక్కబోయి ఎర్రచీమలు కుట్టి దూకాడు, ఆ ముచ్చట రషీదాబీ చెప్పి ఉండాలి. ఇంట్లో ఆడవాళ్ళు ఇద్దరూ కలిసి తన మీద నవ్వుకుంటారన్నమాట. ఆయన మొహం అటు తిప్పుకున్నాడు గానీ లోపల బేరగాడు మాత్రం లెక్క కట్టేశాడు. అవమానం చేసినవాణ్ణి కోప్పడకుండా, కొనేవాణ్ణి పోగొట్టుకోకుండా, నవ్వించి చేతులు జోడింపజేసింది. మండిలో పదేళ్ళ అనుభవం ఉన్న గుమస్తాలకు రాని పని. వస్తే ఏం? ఆ తెలివి వంటింట్లో కూడా పనికొస్తుంది. సెలవుకు రాకముందు దమ్మామ్ నుంచి వీడియోలో ఆ సాజిద్ తన గది చూపించాడు, ఏసీ చూపించాడు, ఫ్రిజ్ తెరిచి లోపలి సీసాలు కూడా చూపించాడు. సిద్రాను ఒక్క ముచ్చట అడగలేదు. అడిగితే ఈ పిల్ల ఏదో ఒకటి అనేది, వాడు నవ్వేవాడో లేదో తెలిసేది. మళ్ళీ ఫోన్ వణికింది. ఉండురా, తిన్నది అరగనీ.

ఊరి నడుమ టవర్ దగ్గరి బజారుకు వచ్చేసరికి సలావుద్దీన్‌కు ఊపిరి ఆడింది. ఇక్కడ రాళ్ళు లేవు, సరుకుంది. కుళ్ళిన క్యాబేజీ ఆకుల వాసన, అల్లం మట్టి, ఎవడో గొంతు చించుకుని టమాటల రేటు అరవడం. ఇది కూడా చూపిస్తుందట పిల్ల, పాత బజారు, నిజాం కాలం నుంచి అని. బజారును చూడటం ఏమిటి? కొనండి, లేదా అమ్మండి, లేదా అడ్డం లేచి పోండి. గుంపులో ఒకామె పచ్చిమిర్చి కుప్పను ఫోటో తీస్తోంది, ఒక్క మిరపకాయ కొనకుండా. ఆయన తువ్వాలతో మొహం తుడుచుకుని గుంపుకు కొంచెం దూరంగా జరిగాడు. జరగడమే తప్పయింది. చింతపండు బుట్ట ముందు కూర్చున్న మొగిలవ్వ కళ్ళు చికిలించి చూసి, బజారంతా వినేలా గొంతెత్తింది.

"ఓ సలావుద్దీన్ సేటూ! బిడ్డ ఎనుక తిరుగుతున్నవా? పోయిన ఐతారం రషీదాబమ్మ అచ్చింది, ఇయ్యాల నువ్వా? ఇంటికి తాళమేసి అందరు గిదే పని పెట్టుకున్నరా ఏంది?"

రషీదాబీ వచ్చిందా? బుర్ఖా వేసుకుని, ఈ గుంపులో, కోట ఎక్కి, చర్చి ముందు నిలబడి? పోయిన ఆదివారం చెల్లెలింటికి పోతున్నానంది. వచ్చాక కాళ్ళు నొప్పులని నూనె రాసుకుంది. చెల్లెలిల్లు పక్క గల్లీలోనే కదా అని అప్పుడు తట్టనే లేదు. కోరుట్ల సంబంధం సంగతి అడిగితే "మీ ఇష్టం" అంది, అన్నప్పుడు కళ్ళు దించుకోలేదు. గుంపు ఇటు తిరిగింది. ఫోన్లు ఆయన వైపు లేచాయి, కూలిన బురుజు వైపు లేచినట్టే. దివాకర్ "మీరు మేడమ్ ఫాదరా సార్, చెప్పనేలేదు" అంటూ చెయ్యి చాపాడు. సలావుద్దీన్‌కు జీవితంలో మొదటిసారి తాను శిథిలంగా కనిపించాడు. ఆ గుంపు నడుమ నుంచి సిద్రా వచ్చింది. ఇంట్లో తండ్రీకూతుళ్ళది ఉర్దూ. ఇక్కడ తెలుగులో మాట్లాడింది, అందరికీ వినపడేలా, బజారు మాట బజారు భాషలో.

"మంచిగైంది. నోటితోని చెప్దామనుకున్న, ఇగ ఆయిననే చూపిస్తడు. మా దిక్కు పశువుల అంగడిల, మామిడి మండిల పాత బేరగాండ్లు రేటు నోటితోని చెప్పరు. తువ్వాల కింద చేతులు వెట్టి వేళ్ళు వట్టి చెప్తరు. పక్కన నిలబడ్డోనికి కూడా తెల్వది. అబ్బా, ఒక్కపారి చూపిద్దాం రా."

చూపించాలా? తానేమన్నా కోతినా? కానీ చింతపండు మొగిలవ్వ, ఉల్లిగడ్డల జలపతి, తక్కెడలు వదిలి లేచిన సగం బజారు, అందరూ చూస్తున్నారు. జలపతి అప్పుడే "ఏంది సేటూ, బిడ్డకు భయపడుతున్నవా?" అన్నాడు. సలావుద్దీన్ తువ్వాల తీసి ఎడమచేతి మీద పరిచాడు. ఈ ఆట పిల్లకు తానే నేర్పాడు. మండిలో మధ్యాహ్నం జనం పలచబడ్డాక పెట్టె మీద కూర్చోబెట్టి, తువ్వాల కప్పి. ఐసుగోలాలు, గాజులు, ఒకసారి సైకిలు కూడా ఆ తువ్వాల కిందనే బేరమాడింది. చిన్న చిన్న వేళ్ళు, జామకాయ జిగట. ఒక వేలు పడితే ఒకటి, రెండు పడితే రెండు, వందలా వేలా అని అడిగేవాడు కొత్తవాడు, సరుకేదో ఇద్దరికీ తెలిస్తే చాలు. మొహం పలకకూడదు. కావలసినదానికంటే ఒక వేలు ఎక్కువ పట్టి మొదలుపెట్టాలి. అరచెయ్యి నొక్కి వదిలితే బేరం ముగిసినట్టు, తర్వాత నోటిమాట చెల్లదు. అన్నిటికంటే ముందుది, లోపల చివరి రేటు ఖాయం చేసుకోకుండా తువ్వాల కింద చెయ్యి పెట్టకూడదు. ఇదంతా చెప్పినవాడు ఏమీ ఖాయం చేసుకోకుండా, ఉత్తి తమాషాకే కదా అని, చెయ్యి పెట్టేశాడు.

సిద్రా చెయ్యి లోపలికి వచ్చింది. చల్లగా ఉంది. "గిప్పుడు నేను రేటడుగుత, మీకెవ్వరికీ కనవడది చూడున్రి" అంటోంది గుంపుతో, నవ్వుతూ. కింద మాత్రం ఆయన మూడు వేళ్ళు పట్టుకుంది. గట్టిగా. మామిడికి మూడు పలికే రేటు ఈ ఏడు లేదు, అది ఆమెకూ తెలుసు. సరుకేదో ఇద్దరికీ తెలుసు. సలావుద్దీన్ ఆమె మొహం చూశాడు, ఏమీ పలకడం లేదు. మొహం పలకని పిల్ల చేతి నాడి మాత్రం ఆయన వేళ్ళ మీద పరుగెడుతోంది. లేదు అని చెప్పాలి. ఒక్క ఏడు కూడా లేదని ఇంట్లో చెప్పాడు, ఇక్కడా అదే చెప్పాలి. ఎలా చెప్పాలి? ఒకటికి వేలుంది, రెండుకుంది, అయిదుకుంది. లేదు అనడానికి వేలు లేదు. ఇన్నేళ్ళ వ్యాపారంలో ఆ సంగతి ఎప్పుడూ అక్కరకు రాలేదు. తువ్వాల కింద లేదనడానికి ఒకటే దారి, చెయ్యి విదిలించుకుని లాక్కోవడం. అలా లాక్కుంటే నీతో నాకు బేరమే లేదు, నువ్వు బేరమాడే మనిషివే కాదు అని అర్థం. ముసలి ఎద్దును కోడె అంటూ అంటగట్టబోయిన దగుల్బాజీకి కూడా ఆయన చెయ్యి విదిలించలేదు. పదిమంది చూస్తుండగా ఎవడికీ విదిలించలేదు. పిల్లకు విదిలించాలా? ఈ గోడ తట్టేవాడి ముందు, ఈ మొగిలవ్వ ముందు, బోర్లించిన బుట్టవాళ్ళ కోసమా?

ఆయన ఒక వేలు పట్టాడు. పట్టిన తర్వాత తెలిసింది, అయిపోయిందని. అంకె చెప్పినవాడు బేరంలోకి దిగినట్టే. ఇంట్లో లేని ఏడు ఇక్కడ పుట్టింది. గుంపులో ఎవరో "వావ్" అన్నారు, ఏం కనిపించిందో వాళ్ళకు. సిద్రా రెండు వేళ్ళు పట్టింది. ఆగింది. లాగలేదు, కుదపలేదు, తొందరపెట్టలేదు. పట్టుకుని ఊరుకుంది, చివరి రేటుకు వచ్చినవాడు ఊరుకున్నట్టు. మూడుతో మొదలుపెట్టింది రెండు కోసమే. ఇంట్లో మూడేళ్ళని ఏడ్చినప్పుడూ రెండేనన్నమాట. కావలసినదానికంటే ఒక వేలు ఎక్కువ. లుచ్చా పిల్ల. సలావుద్దీన్ అరచెయ్యి దానంతట అదే ఆమె అరచేతిని నొక్కి వదిలేసింది, మండిలో వేలసార్లు వదిలినట్టు. తువ్వాల తీసి భుజాన వేసుకున్నాడు. చప్పట్లు కొట్టారు. దేనికి కొట్టారో కొట్టినవాళ్ళకు తెలియదు. సిద్రా వెంటనే అటు తిరిగి, ఓణీ అంచుతో కళ్ళు తుడుచుకుని, ఎండ ఎండ అంది.

"ఎంతకు కుదిరింది సార్?" దివాకర్ ముందుకు వంగి అడిగాడు.

"బయట చెప్పద్దు సార్. గందుకే గదా తువ్వాల."

ఫోన్ మళ్ళీ వణికింది. ఈసారి తీశాడు.

"దుల్హేభాయ్, జొహర్ కావస్తున్నది" నౌషాద్ గొంతు తగ్గించాడు, వెనకాల కోరుట్లవాళ్ళ మాటలు వినబడుతున్నాయి. "వీళ్ళు కూసుండి నా మొహమే చూస్తున్నరు. ఏం చెప్పాలె?"

"రెండేండ్లు ఆగుతరా అడుగు."

"రెండేండ్లా! వాళ్ళు రెండు వారాలు ఆగుతలేరు. నిన్న మీరే గద ఒక్క దినం సుత ఆగద్దంటిరి? ఇప్పుడు గీ మాట నోట్లకెళ్ళి ఎట్ల తీయాలె నేను?"

"ఆగకపోతే సలాం చెప్పి లేచి రా. నా బుట్ట ఖాళీ అయి ఉంటది, యాదితోని తెచ్చుకో. బేరం అయిపోయింది నౌషాద్, చెయ్యి వదిలేసిన."

"ఎవల్తోని అయిపోయింది? ఇంకో సంబంధమా? నాకు తెల్వకుంటనా?"

సలావుద్దీన్ తల ఎత్తి చూశాడు. మొగిలవ్వ గింజ తీసేసిన చింతపండు గుంపులో ఒకామె నోట్లో పెడుతోంది, ఆమె పులుపుకు కళ్ళు మూసుకుని పళ్ళు బిగబడుతోంది. సిద్రా నవ్వుతూ ఏదో చెబుతోంది.

"సరుకు ఎవలదో వాళ్ళతోనే" అన్నాడు.

ఫోన్ జేబులో వేసుకుని ఇంటిదారి పట్టబోయాడు. మండిలో పని ఉంది, రషీదాబీని అడగవలసినవి ఉన్నాయి, ఎండ నెత్తి మీదికి వచ్చింది. ఇంకా ఏదో పాత బావి ఉందట గల్లీ చివర, ఎండిపోయిన బావి, అందులో చూడటానికి ఏముంటుంది, చీకటీ ప్లాస్టిక్ సంచులూ తప్ప. గుంపు అటు కదిలింది. "ఎనుకవడ్డోళ్ళు జెల్ది రావాలె" అని సిద్రా ముందు నుంచి కేకేసింది, ఎవరి పేరూ తీయకుండా. సలావుద్దీన్ ఏదో తిట్టు గొణిగాడు. తువ్వాల నెత్తిన వేసుకుని గుంపు వెనకే నడిచాడు. డబ్బు కట్టినవాడు సగంలో తిరిగిపోతే అది వ్యాపారం కాదు.